కాలదోషం పట్టిన నోట్లు

పెళ్ళి భోజనాలయ్యాక, కిళ్ళీ బుగ్గన పెట్టుకుని, నలభై దాటిన ఆడవాళ్ళం నలుగురం ప్లాస్టిక్ కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నామంటే అక్కడ ఏం మాటలు నడుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు వంటల సంగతి. గుత్తొంకాయలో ఉప్పు తగ్గింది, పెరుగు మాత్రం గట్టిగా ఉంది. తర్వాత చీరల సంగతి. ఆ తర్వాత ఎవరో ఒకరు "నా పెళ్ళప్పుడైతేనా..." అని మొదలుపెడతారు. ఇక అంతే. పాతికేళ్ళ నాడు విడిదింట్లో కాఫీ చల్లారిపోయిన సంగతి, ఆడపడుచు లాంఛనాల చీర మంచం మీదికి విసిరేసిన సంగతి, సీమంతానికి పుట్టింటివాళ్ళు తెచ్చిన చలిమిడి చాల్లేదని అత్తగారు మూతి తిప్పిన సంగతి, అన్నీ నిన్న జరిగినట్టు బయటికొస్తాయి. ఏ మాట ఎవరి ముందు అన్నారో, అప్పుడు ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో కూడా గుర్తే. పొద్దున గ్యాస్ కట్టేసి వచ్చామో లేదో మాత్రం గుర్తుండదు.

ఎగతాళికి రాయడం లేదు ఇది. ఆ కబుర్లు నాకూ ఇష్టమే. కొత్త కోడలిగా నోరెత్తలేక మింగేసిన మాటలు ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలి కదా. నలుగురిలో చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుంది, "నీకూనా? నాకూ అంతే!" అని ఇంకొకరు అంటే ఇంకాస్త తగ్గుతుంది. నా పేచీ మొదటిసారి చెప్పుకోవడంతో కాదు. వందోసారితో. వందోసారి చెప్పినా ఆ బరువు తగ్గడం లేదంటే, మనం దాన్ని దించుకోవడానికి చెప్తున్నామా, పదిలంగా ఉందో లేదో చూసుకోవడానికి చెప్తున్నామా అని నాకు అనుమానం.

మా తెనాలి వైపు పల్లెల్లో ప్రామిసరీ నోటు అంటే ఏమిటో తెలియని ఇల్లు ఉండదు. చేబదులు కాస్త పెద్దదైతే చాలు, నోటు రాయించుకోవాల్సిందే. ఆ నోటుకు చట్ట ప్రకారం మూడేళ్ళే ప్రాణం. ఆ లోపల కోర్టుకు వెళ్ళాలి, లేదా బాకీదారు చేత ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. చెల్లు పడితే మళ్ళీ మూడేళ్ళు బతుకుతుంది. లేకపోతే కాలదోషం పట్టిందంటారు. అప్పిచ్చింది అబద్ధం కాదు. సంతకం అబద్ధం కాదు. డబ్బు రాకపోవడం అన్యాయమే. అయినా ఆ కాగితంతో ఇక చేయగలిగిందేమీ లేదు. మా తాతయ్య ఇనప్పెట్టెలో అలాంటి నోట్లు ఒక కట్ట ఉండేవి. పండగలకి పెట్టె తీసినప్పుడల్లా వాటిని బయటికి తీసి, అసలెంతో వడ్డీ ఎంతో పైకి లెక్కపెట్టి, ఆ బాకీదార్లందరినీ పేరుపేరునా తిట్టి, మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టేవారు. అందులో సగంమంది అప్పటికే పోయారు.

మన మనసుల్లో ఉన్నవి చాలావరకు ఇలాంటి నోట్లే. తేడా ఏమిటంటే, మన నోట్లకు చెల్లు వేయడానికి బాకీదారు రానక్కర్లేదు, మనమే వేసుకుంటాం. ప్రతి పెళ్ళిలో ఒకసారి, ప్రతి పండక్కి ఒకసారి, మొగుడితో గొడవైన ప్రతిసారీ ఒకసారి. మళ్ళీ మూడేళ్ళు బతుకుతాయి.

ఇంతకీ ఆ నోట్ల మీద మనకు రావాల్సింది ఏమిటి? డబ్బా? కాదు. ఆ చల్లారిపోయిన కాఫీ ఇప్పుడు వేడిగా తెచ్చిస్తే తాగుతామా? తాగం. మనకు కావాల్సింది ఒక్క మాట. "అప్పుడు నీకు అన్యాయం చేశానమ్మా" అన్న మాట. గతం పట్టుకుని వేలాడుతున్నారని అంటారు గానీ, నేను చూసినంతలో ఎవరూ గతాన్ని పట్టుకుని లేరు. ఆ మాట కోసం కాచుకుని ఉన్నారు. గతంలోంచి రావాల్సిన ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడినట్టు. గుమ్మంలో నిలబడ్డ మనిషి లోపలి పనీ చేసుకోలేదు, బయటికీ వెళ్ళలేదు.

మా పై అంతస్తులో ఒక అక్క ఉంటుంది. ఆవిడ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు, ఇంట్లో తద్దినం జరిగిందట. వడ్డనలన్నీ అయ్యి ఈవిడ కంచం ముందు కూర్చునేసరికి మూడు దాటింది. కంచంలో ఒక గారె వేసుకుంటే, అత్తగారు వచ్చి ఆ గారె తీసి గిన్నెలో పెట్టేసి, "సాయంత్రం మా అన్నయ్య వస్తాడు, వాడికి ఉండనీ" అన్నారట. గారెదేముంది, రేపు వండుకుంటే వస్తుంది. కానీ కంచంలోంచి తీయడం ఉంది చూశారూ, అది తగిలిన చోట మచ్చ పోదు. ఇరవై నాలుగేళ్ళు ఆ గారె ఆ అక్క గొంతులోనే ఉంది. ఇంట్లో గారెలు వండిన ప్రతిసారీ ఆ కథ పిల్లలు విన్నారు. భర్త విన్నాడు, తల దించుకుని లేచి వెళ్ళిపోయేవాడు. నేనూ ఓ ఏడెనిమిది సార్లు విన్నాను.

అత్తగారు రెండేళ్ళ క్రితం బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పట్నుంచి మంచమే. అన్నీ ఈవిడే చేస్తోంది. చేస్తూ చేస్తూ లోపల కుతకుత ఉడుకుతోంది. ఒకరోజు అన్నం కలిపి తినిపిస్తూ ఉండబట్టలేక అడిగేసింది. "అత్తయ్యా, ఆ రోజు నా కంచంలోంచి గారె ఎందుకు తీశారు?" ఆవిడ నమలడం ఆపి, చాలాసేపు ఆలోచించి, "ఏ గారె?" అందిట. తప్పించుకోవడానికి కాదు. నిజంగానే ఆవిడకి గుర్తు లేదు. తద్దినం గుర్తు లేదు, అన్నయ్య రావడం గుర్తు లేదు.

మెట్ల మీద నాకు ఈ సంగతి చెప్తున్నప్పుడు అక్క మొహం చూడాలి. రెండ్రోజులు నిద్ర పట్టలేదట కోపంతో. "ఇరవై నాలుగేళ్ళు నేను మోసింది అసలు ఆవిడ దగ్గర లేనే లేదే! క్షమాపణ అడగడానికి కూడా ఆవిడకి ఆధారం లేదు" అంది. మూడో రోజు నవ్వొచ్చిందట. ఆ నవ్వు తర్వాత అత్తగారి మీద ప్రేమ పొంగుకొచ్చిందేమో అనుకునేరు, అలాంటిదేమీ లేదు. టీవీ సీరియల్ కాదు కదా. అయితే, మధ్యాహ్నం పూట చూసుకోవడానికి ఒక ఆయాను పెట్టమని ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి గట్టిగా అడిగింది. అంతకుముందు ఎందుకు అడగలేదంటే, "ఇంత చేస్తున్నాను, ఎప్పటికైనా తెలుసుకోకపోతుందా" అన్న ఆశ. ఆ ఆశ పోయింది, ఆయా వచ్చింది. ఆ మూడు గంటలూ అక్క వీధి చివర మగ్గం వర్క్ నేర్చుకోవడానికి వెళ్తోంది. జర్దోసీ సూది పట్టుకోవడం ఇంకా కుదరడం లేదని వేళ్ళు చూపిస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. "జరిగిందేదో జరిగింది, మర్చిపోవే" అనేది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి మాత్రమే ఎందుకు చెప్తారు? నోరు మూయించడానికి అంతకంటే సులువైన మాట లేదు కాబట్టి. అందుకే ఎవరైనా గతాన్ని వదిలేయమని మీకు చెప్తే, ముందు ఆ చెప్పేవాళ్ళకి దానివల్ల ఏం మిగులుతుందో చూడండి. మీ మనశ్శాంతి కోసం చెప్తున్నారా, వాళ్ళ రెండెకరాల కోసం చెప్తున్నారా?

అన్ని నోట్లకూ కాలదోషం పట్టదు. అత్తగారి మాటకు పట్టింది. పుట్టింటి ఆస్తిలో వాటాకు పట్టలేదు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళి అయినా కాకపోయినా, కూతురు పుట్టుకతోనే హక్కుదారు. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం చాలాకాలం ఉండేది. అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం పంచేసుకున్నవి కదిలించరు. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా రాసిన ఆస్తి దారి వేరు. ఇవన్నీ తెలుసుకోకుండా, అన్నయ్య కారు పంపించాడు కదా అని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి, హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేసి, పట్టుచీర కట్టుకుని తిరిగొచ్చిన వాళ్ళు మన చుట్టాల్లోనే ఎంతమంది ఉన్నారు! తెలిసే వదులుకున్నారా, అది వాళ్ళిష్టం. అన్నదమ్ముల దగ్గరికి ఏటా ధైర్యంగా వెళ్ళి నాలుగు రోజులు ఉండటమే ఎక్కువ అనుకునేవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ తెలియక సంతకం పెట్టి, ఆ మీద ఇరవై ఏళ్ళు ఏడవడం వదిలేయడం కాదు.

అలాగే, ఇప్పుడు కూడా జరుగుతున్నది గతం కాదు. పదేళ్ళ క్రితం చెయ్యి చేసుకున్నాడు, మొన్న ఆదివారం కూడా చేసుకున్నాడు అంటే, పదేళ్ళ క్రితందాన్ని మర్చిపొమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు. లాకర్లో పెడతామని అత్తింటివాళ్ళు తీసుకున్న మీ బంగారం మీదే. అడగండి. అడిగితే వచ్చేది ఏదైనా ఉంటే అడగండి. అడిగినా రానిది, వచ్చినా పనికిరానిది, మాట రూపంలో తప్ప ఇంకే రూపంలోనూ లేనిది, ఆ ఒక్కదాని గురించే నేను మాట్లాడుతున్నది.

డిగ్రీలో మాకు భాగవతం ప్రథమ స్కంధం పాఠం చెప్తున్నప్పుడు ఒక ఘట్టం దగ్గర క్లాసంతా గొడవపడ్డాం. నిద్రపోతున్న ఐదుగురు కొడుకుల్నీ చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టేసి తీసుకొచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ద్రౌపది విడిచిపెట్టమంటుంది. గురువుగారి కొడుకు అంటుంది. భర్త పోయిన కృపి ఇంట్లో ఉంది, నాలాగా ఆవిడ కూడా ఏడవడం ఎందుకు అంటుంది. మా క్లాసు అమ్మాయిలకి ఒళ్ళు మండింది. ఇదేం ఆడది, కన్నకొడుకుల్ని చంపితే వదిలేస్తుందా అని. సభలో జరిగినదాన్ని పదమూడేళ్ళు మర్చిపోని ద్రౌపదేనా ఈవిడ అని. మా లెక్చరర్ గారు నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు, ఇద్దరు పిల్లల తల్లిగా ఆ ఘట్టం గుర్తు చేసుకుంటే వేరేగా అర్థమవుతోంది. సభ సంగతి తేల్చుకోవాల్సిన లెక్క. అవతలి వాళ్ళు ఇంకా సింహాసనం మీదే ఉన్నారు, రాజ్యం తమది ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది. మర్చిపోతే మొత్తం పోతుంది. కొడుకుల చావు అలా కాదు. అశ్వత్థామ తల తీసినా వాళ్ళు లేచిరారు. ఏది ఏ రకం నోటో ఆవిడకి తెలుసు. ఇంకో సంగతి, అశ్వత్థామని ఉత్తినే పంపలేదు. జుట్టు గొరిగించి, తలమీది మణి ఊడబెరికి తరిమేశారు. అంటే చేసింది తప్పు కాదని ఎవరూ అనలేదు. ద్రౌపది వద్దన్నది ఇంకో తల్లి ఏడుపుని మాత్రమే.

ఇంకో తల్లి అంటే గుర్తొచ్చింది. మన నోట్లు మనతో పోతే అదొక రకం. కానీ వారసులకి రాసిచ్చి పోతున్నాం. మా బంధువుల్లో ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బంగారం లాంటి పిల్ల. వాళ్ళ మేనత్త ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. ఎందుకమ్మా అంటే, "మా అమ్మని చాలా బాధపెట్టింది ఆంటీ" అంటుంది. ఏం చేసిందో సరిగ్గా చెప్పలేదు. ఆ పిల్ల పుట్టకముందు జరిగిన గొడవ. వివరాలు అరిగిపోయాయి, కోపం మాత్రం అరగలేదు. ఆడపిల్లకి ఏం పెట్టాలి, ఎన్ని కాసులు పెట్టాలి అని పుట్టినప్పట్నుంచీ లెక్కలేసుకుంటాం కదా, కాసులతో పాటు ఇవి కూడా మూటగట్టి పెడుతున్నామన్న సంగతి ఎవరం గమనించం. రేపు ఆ పిల్లకి కష్టమొస్తే అర్ధరాత్రి తలుపు తీసే మనిషి ఆ మేనత్తే కావచ్చు. ఆ తలుపు మనం ముందే మూసేశాం.

ఇక చదువు సంగతి. మన తరం ఆడవాళ్ళ దగ్గర, మన పైతరం వాళ్ళ దగ్గర మరీనూ, అన్నిటికంటే పెద్ద నోటు ఇదే. "నన్ను చదివించి ఉంటే..." మా పిన్ని 1983లో పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైంది. కాలేజీకి తెనాలి బస్సులో వెళ్ళాలి, ఆడపిల్ల బస్సులో వెళ్ళడమేమిటని మాన్పించారు. అది అన్యాయమే, రెండో మాట లేదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ మాట వింటున్నాను. "చదివిస్తే టీచర్నయ్యేదాన్ని." చెప్పేటప్పుడు పిన్ని మొహంలో ఒక వెలుగు కూడా వస్తుంది. నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది ఏమిటంటే, ఆ టీచరమ్మ ఎప్పుడూ ఏ పరీక్షా తప్పలేదు. ఆవిడ క్లాసులో పిల్లలు అల్లరి చేయరు. ఆవిడకి ట్రాన్స్‌ఫర్లు లేవు, నడుంనొప్పి లేదు. జరగని జీవితం కాబట్టి దానికి వంక లేదు. అలాంటి జీవితం పక్కన పెడితే, ఇప్పుడు నిజంగా పుస్తకం తెరిచి, ఇంగ్లీషు పేపరు తప్పి, మళ్ళీ కట్టి పాసయ్యే చదువు ఎందుకూ పనికిరానిదిగా కనబడుతుంది.

పిన్ని పది పాసవడానికి ఏడాది ముందే, 1982లో, హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలోనే మొదటిది. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. ఇంటర్ చదవనివాళ్ళకి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నారు. గేదెల పాలు పితికి, పిల్లల్ని బడికి పంపి, ఆదివారాలు క్లాసులకి వెళ్ళి డిగ్రీ పట్టా తెచ్చుకున్న గృహిణులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది. పిన్నికి ఆ దారి తెలియదు, నిజమే. చెప్పినవాళ్ళు లేరు. తెలిసినా చంటిపిల్లల్ని ఎవరు చూస్తారన్నదీ ఉంది. నలభై ఏళ్ళ కింద పల్లెటూళ్ళో పిన్ని పడ్డ అవస్థలు హైదరాబాదు ఫ్లాట్లో ఫ్యాను కింద కూర్చుని నేను తేలిక చేయను. కానీ పోయిన సంక్రాంతికి నేనే ఫోన్లో ఓపెన్ స్కూల్ ఇంటర్ వివరాలు తీసి చూపించాను. వయసు ఎంతైనా పరవాలేదు పిన్నీ అన్నాను. "ఇప్పుడెందుకే, నవ్వుతారు" అంది. కాసేపాగి, "తెలుగు పేపరు కూడా ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను. దాని మీద ఇంకా ఏమీ తేలలేదు.

ఈ సందర్భంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ని తలుచుకోకుండా ఉండలేను. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకి పెళ్ళి చేశారు. వయసొచ్చాక ఆ కాపురం నాకొద్దని ఆ మనిషికే చెప్పేసింది, వేరే పెళ్ళి చేసుకోమంది. ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు. జైలు నుంచి వచ్చాక, తనకి బడి చదువు సరిగ్గా లేదు కాబట్టి కూర్చుని బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివింది. ఆ తర్వాత డిగ్రీ, ఆ తర్వాత మద్రాసులో లా. రాజ్యాంగ సభలో కూర్చుంది. ఇవన్నీ పిల్లల పుస్తకాల్లో ఉంటాయి. వాటిల్లో అంతగా కనబడని సంగతి ఒకటుంది. చిన్నప్పుడు తనకి కట్టబెట్టిన ఆ భర్త పోయాక, ఆయన రెండో భార్య దిక్కులేని స్థితిలో ఉంటే, తన దగ్గరికి పిలిపించుకుని, పని నేర్పించి, సొంతకాళ్ళ మీద నిలబడేలా చూసింది. నాకు ఆవిడ చదువులన్నిటికంటే ఇదే ఎక్కువ అనిపిస్తుంది. ఇంకోటి, తనకి పెళ్ళి చేసినవాళ్ళని తిట్టుకుంటూ కూర్చోలేదని చెప్తే తప్పు, ఆవిడ బాల్యవివాహాల మీద జీవితమంతా పోరాడింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ 1937లో పెట్టింది. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తరపున, బడి మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళ కోసం తక్కువ కాలంలో పరీక్షకు కూర్చునే కోర్సులు పెట్టించింది. తనకి జరిగింది ఇంకొకరికి జరగకుండా చూడటంలో ఆ కోపమంతా ఖర్చయిపోయింది.

నా సంగతి అడుగుతారా? 2001లో బి.ఏ. అయ్యాక యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగు సీటొచ్చింది, అదే నెలలో సంబంధం కుదిరింది. పెళ్ళయ్యాక చదువుకోవచ్చులే అన్నారు మా నాన్నగారు. అందరి నాన్నలూ అనే మాటే. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన ఉండగా ఆ మాట ఎత్తి ఆయన్ని నొప్పించకపోవడం నాకు ఇప్పుడు తృప్తిగా ఉంది, కానీ అదేదో త్యాగం అని మీతో చెప్పను. ఆ సీటు కాగితం కొన్నాళ్ళు దాచాను. ఫ్లాటు మారేటప్పుడు పాత కరెంటు బిల్లులతో పాటు వెళ్ళిపోయింది. కాగితం లేకపోయినా చదువు ఉంది కదా అనుకుని, పక్కింటి పిల్లలకి తెలుగు ఛందస్సు చెప్పడం మొదలుపెట్టాను. యమాతారాజభానస అంటే వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

చేదు జ్ఞాపకాల గురించే ఇంతసేపూ చెప్పాను. తీపివి కూడా తక్కువ తినవు. "కాలేజీలో నేను పాడితే హాలంతా నిశ్శబ్దం" అనేవాళ్ళు, "అప్పట్లో నా నడుము ఇరవై ఆరు" అనేవాళ్ళు. అటక మీద ట్రంకుపెట్టెలో పెళ్ళినాటి జాకెట్లు దాచుకున్నవాళ్ళు చెయ్యెత్తండి. ఎందుకు దాచుకున్నామంటే సమాధానం ఉండదు. తగ్గి వేసుకుంటామనా? కూతురికి వేస్తామనా? దానికి ఆ చేతుల మోడల్ చూస్తేనే నవ్వొస్తుంది. జాకెట్లయితే పోనీ, చోటు తప్ప ఏం తినవు. కానీ "అప్పటి గొంతు ఇప్పుడు లేదు" అని ఇప్పటి గొంతుతో పాడటం మానేయడం ఉంది చూశారూ, అది నాకు నచ్చదు.

మా తోడికోడలు అలా పదిహేడేళ్ళు మానేసింది. పెళ్ళికి ముందు జిల్లా స్థాయిలో వీణ పోటీల్లో బహుమతి వచ్చిందట. వీణ పుట్టింట్లోనే ఉండిపోయింది. ఎవరైనా వాయించమంటే, "అబ్బే, ఇప్పుడేం వాయిస్తానండీ, అప్పుడు వినాల్సింది" అనేది. కిందటేడు వాళ్ళ నాన్నగారి ఇల్లు ఖాళీ చేస్తూ వీణ పంపించేశారు. తంత్రులు తుప్పుపట్టి, మేళం మైనం ఊడిపోయి ఉంది. బాగు చేయించడానికి మంచి ఖర్చే అయింది, దాని మీద మా మరిది సణిగాడు, అది వేరే సంగతి. బాగయ్యాక మీటితే వేళ్ళు కదల్లేదు. కొసవేళ్ళు కోసుకుపోయాయి. ఆ రోజు ఏడ్చిందని తర్వాత చెప్పింది.

వాళ్ళ కాలనీలో వీణ నేర్పే అమ్మాయి ఒకామె ఉంది, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఆ పిల్ల దగ్గర చేరింది. చేరేటప్పుడు బహుమతి సంగతి చెప్పలేదట. "ఎక్కడిదాకా వచ్చు ఆంటీ?" అని అడిగితే, "మొదట్నుంచీ చెప్పండి" అందట. ఎందుకు చెప్పలేదే అని నేను అడిగాను. "చెప్తే ఆ పిల్ల వర్ణం వాయించమంటుంది అక్కా. రాదు. రాకపోతే ఇంటికొచ్చేస్తాను" అంది. సరళీస్వరాల నుంచి మొదలుపెట్టి, మూడో తరగతి పిల్లల పక్కన చాప మీద కూర్చుని, మోకాళ్ళు పట్టేస్తుంటే మధ్యమధ్య కాళ్ళు చాపుకుంటూ. ఒక పిల్ల ఈమధ్య ఈవిడ తప్పు దిద్దిందట, "ఆంటీ, అది శుద్ధ మధ్యమం" అని.

వచ్చే నెల దసరాకి వాళ్ళ కాలనీ మంటపంలో పిల్లల కార్యక్రమం ఉంది. తొమ్మిదిమంది పిల్లలు, మా తోడికోడలు. ఒక్క గీతం వాయిస్తారు, నాలుగు నిమిషాలు. పిల్లలందరూ పసుపు పరికిణీలట. ఈవిడ కూడా పసుపు చీర కట్టుకోవాలా, వేరే రంగు కట్టుకుంటే బాగుంటుందా అని నిన్న రాత్రి ఫోన్లో ముప్పావుగంట చర్చ.